గుట్టు కాపాడామా? మనిషిని కాపాడామా?



ముప్పై ఏళ్ల పైమాట. అప్పుడు నేను మంగళగిరిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తుండేవాడిని. మేము అద్దెకున్న వీధిలో తెల్లవారకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. మా ఇంటికి రెండిళ్ల అవతల ఒక నేత కార్మికుడు ఉండేవాడు. మన విచారణవాడు కాడు, మన మతంవాడూ కాడు. మా వీధివాడు, అంతే. మగ్గం సొంతమే గాని నూలు మాస్టర్ వీవర్‌ది. నేసిన చీర ఆయనకు అప్పగించి మజూరీ తెచ్చుకునేవాడు. వానాకాలం గుంట మగ్గంలోకి నీరు చేరితే ఆ మజూరీ కూడా ఉండేది కాదు.

నూలు ధర పెరిగిన రోజులవి. పని తగ్గింది, అప్పు పెరిగింది. ఒక సాయంత్రం అతడు మా అరుగుమీద కూర్చుని ఆ మాటా ఈ మాటా మాట్లాడి, చివరకు తల వంచుకుని, “మాస్టారూ, నేను లేకపోతే మా ఇంటికి ఒక పీడ వదులుతుంది గదా” అన్నాడు. నేను ఉలిక్కిపడ్డాను. అది చూసి అతడే సర్దుకున్నాడు. “ఏదో నోరు జారాను. మా ఆడవాళ్లతో మాత్రం అనమాకండి” అన్నాడు. నేను ధైర్యం చెప్పాను. దేవుడున్నాడన్నాను, కష్టాలు ఎల్లకాలం ఉండవన్నాను. ఎవరితోనూ అననని మాట ఇచ్చాను.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాను. ఆ వారం గడవకముందే ఆ ఇంట్లో మగ్గం ఆగిపోయింది.

ఆ రోజు వాకిట్లో చేరినవారందరూ ఒకే మాట అన్నారు: “ఒక్క మాట చెబితే ఏదో ఒకటి చేసేవాళ్లం గదా!” నేనూ ఆ గుంపులో నిలబడి ఉన్నాను. అతడు చెప్పాడని తెలిసిన మనిషిని నేనొక్కడినే. ఆ సంగతి ఆ రోజు నేను ఎవరితోనూ చెప్పలేకపోయాను. ఇన్నేళ్లకు ఈ పత్రికలో చెప్పుకుంటున్నాను. నా పాపాన్ని నలుగురిలో పరచుకోవాలని కాదు. ఇలాంటి మాట రేపు మీ అరుగుమీద కూడా వినబడవచ్చు, అప్పుడు మీరు నాలాగ చేయకూడదని.

రహస్యం ఎంతవరకు?

ఇక్కడ ఒక ధర్మసందేహం ఉంది. ఇచ్చిన మాట తప్పడం తప్పు. ఒకరి ఇంటి సంగతి మరొకరికి మోయడం తప్పు. “ఇంటి గుట్టు లంకకు చేటు” అని పెద్దలు ఊరికే అనలేదు. “కడుపు చించుకుంటే కాళ్లమీద పడుతుంది” అని మన తల్లులు మనకు నేర్పారు. మరి నేను చేసినది ధర్మమే గదా? ఎందుకు నా మనస్సాక్షి ఇన్నేళ్లుగా నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు?

మన కతోలికులకు రహస్యం విలువ బాగా తెలుసు. పాపసంకీర్తనంలో విన్నదాన్ని గురువు ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. అది దివ్యసంస్కారానికి చెందిన ముద్ర. అయితే నేను గురువును కాను, మా అరుగు పాపసంకీర్తన పీఠమూ కాదు. తక్కిన రహస్యాల సంగతి వేరు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2491వ అంశంలో దీని గురించి స్పష్టంగా చెప్పింది. వైద్యులు, న్యాయవాదులు, అధికారులు తమకు నమ్మి చెప్పిన రహస్యాలను కాపాడవలసిందే. కాని ఆ రహస్యాన్ని దాచడంవల్ల చెప్పినవానికే గాని, విన్నవానికే గాని, మరొకరికే గాని ఘోరమైన హాని కలిగేటట్టుంటే, ఆ హాని తప్పించడానికి వేరే దారి లేకపోతే, దానిని వెల్లడించవచ్చునని ఆ ఉపదేశం సారాంశం. వృత్తి ధర్మానికి కట్టుబడినవారికే ఆ మినహాయింపు ఉంటే, ఇరుగుపొరుగువారికి ఎంత ఉండాలి?

ఆ నేత కార్మికుడు నన్ను మాట అడిగాడు. నిజమే. కాని అతడు ఆ మాట నాతో ఎందుకన్నాడు? ఎవరికీ తెలియకూడదనే అనుకుంటే నాతో కూడా అనేవాడు కాదు. మనిషిలో ఒక భాగం పోవాలనుకుంటుంది, మరొక భాగం ఎవరైనా పట్టుకుని ఆపితే బాగుండునని ఎదురు చూస్తుంది. ఆ రెండో భాగమే అతణ్ణి మా అరుగుదాకా నడిపించింది. నేను మొదటి భాగానికి ఇచ్చిన మాట నిలబెట్టుకుని, రెండో భాగం పెట్టిన మొరను వినలేదు.

కాబట్టి ఎవరైనా “నేను ఉండి ప్రయోజనం లేదు” అనే మాట పలికి, ఎవరికీ చెప్పవద్దని అడిగితే, ఆ మాట ఇవ్వకూడదు. “నీ పరువు తీయను, ఊరంతా చాటను, కాని నిన్ను ఒంటరిగా వదలను. నీ భార్యతో గాని, మీ అన్నతో గాని, డాక్టరుతో గాని మనమిద్దరం కలిసే చెబుదాం” అనాలి. ఆ మనిషి కోపగించుకోవచ్చు. కోపం రేపటికి తగ్గుతుంది. మనిషి పోతే కోపగించుకోవడానికైనా మిగలడు.

మన జిల్లా మరచిపోరాని సంగతులు

ఇది ఒక్క వీధి కథ కాదు. 1987–88లో తెల్లదోమ పత్తి పంటను నాశనం చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు అప్పుల పాలై కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 1991లో నూలు ధరలు పెరిగినప్పుడు ఈ రెండు జిల్లాల నేత కుటుంబాలలోనే ఆకలి చావులు, ఆత్మహత్యలు జరిగాయి. 1997–98లో వరంగల్లు పత్తి రైతుల విషాదం దేశమంతా విన్నది. 2010లో సూక్ష్మరుణ సంస్థల వాయిదాల ఒత్తిడి పల్లెల్లోని ఆడవారి ప్రాణం మీదికి వచ్చింది. 2020 తరువాత సెల్‌ఫోన్‌లోని రుణ యాప్‌ల వేధింపులకు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ యువతీయువకులు బలయ్యారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాల తరువాత ఇరవైమందికి పైగా విద్యార్థులు చనిపోయారు. 2023 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాలు వెలువడిన రెండు రోజులలోనే తొమ్మిదిమంది పిల్లలు పోయారని పత్రికలు రాశాయి.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. అంటే రోజుకు 468 మంది. వారిలో 13,044 మంది విద్యార్థులు. దినకూలీలు నాలుగో వంతుకు మించి ఉన్నారు. అప్పు, పరీక్ష, కుటుంబ కలహం, జబ్బు, తాగుడు, మనోవ్యాధి: వీటిలో ఏ ఒక్కటీ తనంతట తానే మనిషిని చంపదు. అప్పున్న వారందరూ చనిపోవడం లేదు, పరీక్ష తప్పిన వారందరూ చనిపోవడం లేదు. కష్టంమీద అవమానం పడి, అవమానంమీద ఒంటరితనం పడితే గోరుచుట్టుపై రోకటి పోటు అవుతుంది. కష్టాన్ని మనం ఒక్కరోజులో తీర్చలేకపోవచ్చు. అవమానాన్ని, ఒంటరితనాన్ని తగ్గించడం మాత్రం మన చేతిలోనే ఉంది.

చేతులు కాలాక ఆకులు

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనడం న్యాయం కాదు. 2004 జూన్ 1న ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 421 ఇచ్చి, ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో యాభై వేలు ఏర్పాటు చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సాయం 2015లో 5 లక్షలకు, 2019లో 7 లక్షలకు పెరిగింది. ఆ డబ్బు కొన్ని కుటుంబాలను వీధిన పడకుండా కాపాడింది. దానిని తక్కువ చేయకూడదు.

అయినా ఒక ప్రశ్న మనస్సులో మెదలుతుంది. రైతు పోయిన తరువాత అధికారులు ఆ ఇంటికి వస్తారు. పట్టాదారు పాసు పుస్తకం ఉందా, అప్పు పత్రాలున్నాయా, సాగు చేసింది సొంత పొలమా కౌలుదా అని విచారిస్తారు. ఆ అధికారులే, ఆ ప్రశ్నలతోనే, ఆ రైతు బతికి ఉండగా ఒక్కసారి ఆ గుమ్మం ఎక్కి ఉంటే? చావుకు విలువ కట్టే యంత్రాంగం మనకు బాగానే ఉంది. బతుకు భారమైనవానిని వెదకి పట్టుకునే యంత్రాంగం ఇప్పుడిప్పుడే పుడుతున్నది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే మంట రాజుకోకముందే నీళ్లు చల్లడం మేలు గదా.

ముందుగా చేసిన పనులు కూడా కొన్ని ఉన్నాయి. వాటిని చెప్పుకోవాలి. 2010 అక్టోబరులో తెచ్చిన సూక్ష్మరుణ సంస్థల నియంత్రణ ఆర్డినెన్స్, వాయిదా వసూలుకు ఇంటిమీదికి పోవడాన్ని ఆపింది. వసూళ్లు పంచాయతీ కార్యాలయం వంటి బహిరంగ స్థలంలోనే జరగాలని, వారం వారం కాకుండా నెల నెలా జరగాలని నిర్దేశించింది. అప్పు అప్పుగానే ఉన్నది గాని, గుమ్మం ముందు అవమానం తగ్గింది. 2019 నుండి 2023 వరకు ఐదు విడతలుగా సొంత మగ్గం ఉన్న నేత కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయల చొప్పున అందింది. నేతన్నలకు యాభై ఏళ్లకే పింఛను ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇవేవీ ఆత్మహత్యల నివారణ పథకాలన్న పేరుతో వచ్చినవి కావు. కాని వానాకాలం మగ్గం ఆగినప్పుడు పొయ్యి ఆరకుండా ఉంటే, “నేను లేకపోతే మేలు” అనే ఆలోచన ఒక ఇంటిలోనైనా పుట్టకుండా ఆగవచ్చు.

చట్టం కూడా మారింది. మన భాషలో “ఆత్మహత్య” అనే మాటలోనే హత్య ఉంది. శిక్షాస్మృతిలోని 309వ సెక్షను ప్రాణం తీసుకోబోయి బతికినవానిని నేరస్థునిగా చూసింది. ఆసుపత్రి మంచంమీద కళ్లు తెరిచినవాడు మొదట పోలీసును చూడవలసి వచ్చేది. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షనులో, అటువంటి మనిషి తీవ్రమైన మనోవేదనలో ఉన్నాడనే భావించాలని, అతణ్ణి శిక్షించరాదని చెప్పింది. అతనికి వైద్యం, ఆదరణ, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వంమీదనే ఉంచింది. 2024 జులై 1న వచ్చిన కొత్త న్యాయసంహితలో పాత 309వ సెక్షను లేదు. అధికారిని విధి చేయనివ్వకుండా బెదిరించేందుకు ప్రయత్నించడం మాత్రమే నేరంగా మిగిలింది.

చట్టం కంటే ముందే మన తల్లి శ్రీసభ ఈ దారి నడిచింది. 1917 నాటి శ్రీసభ చట్టం బుద్ధిపూర్వకంగా ప్రాణం తీసుకున్నవారికి శ్రీసభ భూస్థాపనను నిరాకరించింది. 1983 చట్టంలో ఆ నిషేధం లేదు. ప్రాణం దేవుడిచ్చినది, దానికి మనం యజమానులం కాము, సంరక్షకులం మాత్రమే అనే ఉపదేశం ఏమీ మారలేదు. ఆ పని ఘోరమైనదే. కాని తీవ్రమైన మనోవ్యాధి, వేదన, భయం మనిషి బాధ్యతను తగ్గిస్తాయని సత్యోపదేశం ఒప్పుకుంటుంది. పోయినవారి రక్షణను గురించి మనం నిరాశపడరాదని, దేవునికి మాత్రమే తెలిసిన మార్గాలున్నాయని చెబుతుంది. ఇంకా కొన్ని ఊళ్లలో అటువంటి ఇంటి శవానికి గుడి గంట మోగించాలా వద్దా అని గుసగుసలాడుకునేవారున్నారు. వారు నలభై ఏళ్ల వెనుక ఆగిపోయారు. ఆ గుసగుస పోయినవానికి వినబడదు. పక్కింట్లో అదే ఆలోచనతో ఉన్నవానికి మాత్రం వినబడుతుంది. వాడు మరింత ముడుచుకుపోతాడు.

ఎక్కడ ఏమి ఫలించింది?

“పోవాలనుకున్నవాణ్ణి ఎవరు ఆపగలరు?” అని చాలామంది అంటారు. ఇది వేదాంతంలాగ వినిపిస్తుంది గాని నిజం కాదు. మన పొరుగునున్న శ్రీలంకలో 1995 నాటికి ఏటా లక్షమందిలో దాదాపు 47 మంది ఆత్మహత్య చేసుకునేవారు. ప్రపంచంలోనే అతి ఎక్కువ రేటులలో ఒకటి అది. ఆ ప్రభుత్వం 1995 నుండి అతి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. ఇరవై ఏళ్లలో ఆ మరణాలు దాదాపు మూడింట రెండు వంతులకు పైగా తగ్గాయి. వరి దిగుబడి తగ్గలేదు. శ్రీలంకవారికి ఆ ఇరవై ఏళ్లలో కష్టాలు తీరలేదు. అంతర్యుద్ధమే జరిగింది. అయినా ప్రాణాలు దక్కాయి. ఎందుకంటే ఆ ఆలోచన చాలామందిలో ఒక సుడిగాలి వంటిది. కొన్ని గంటలు గడిచితే, చేతికి అందేదేదీ దగ్గర లేకపోతే, పక్కన ఒక మనిషి ఉంటే, అది దాటిపోతుంది. దాటినవారిలో ఎక్కువమంది తరువాత పిల్లల పెండ్లిళ్లు చేసి, మనుమలను ఎత్తుకుని బతుకుతున్నారు.

మద్రాసులో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ సంస్థ తమిళనాడు పల్లెల్లో ఒక ప్రయోగం చేసింది. రైతులు పురుగుమందులను ఇంట్లో పెట్టుకోకుండా, ఊరిలో ఒకచోట కట్టిన గదిలో ఎవరి పెట్టె వారు తాళం వేసి ఉంచుకునే ఏర్పాటు అది. ఖర్చు పెద్దది కాదు, విజ్ఞానం అంతకంటే పెద్దది కాదు. ఊరు ఒప్పుకోవాలి, అంతే. మన డెల్టాలో ఏ పంచాయతీ అయినా, ఏ రైతు సంఘమైనా చేయగల పని. అలాగే పరీక్ష తప్పిన పిల్లలకు ఏడాదంతా ఆగకుండా కొద్ది వారాల్లోనే మరల రాసే అవకాశం. మన రాష్ట్రంలోనూ అది ఉంది. కాని ఫలితాల రోజున ఆ సంగతి పిల్లవానికి గుర్తుచేసే మనిషి ఇంట్లో ఉండాలి. “పక్కింటి అబ్బాయికి ఎన్ని మార్కులు?” అనే ప్రశ్న ఆ రోజు ఇంట్లో వినబడకూడదు.

2025 జులై 25న భారత సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసు అది. నూరుమంది లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన ఒక కౌన్సిలరైనా ఉండాలని, మార్కులనుబట్టి పిల్లలను వేరు వేరు సెక్షన్లుగా విడదీయరాదని, నలుగురిలో అవమానించరాదని, సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని ఆదేశించింది. జిల్లా కలెక్టరు ఆధ్వర్యంలో పర్యవేక్షణ సంఘం ఉండాలని చెప్పింది. విజయవాడ, గుంటూరుల నడుమ ఎన్ని హాస్టళ్లున్నాయో, వాటిలో మన విచారణల పిల్లలు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఈసారి ఫీజు కట్టడానికి వెళ్లినప్పుడు, “మీ కౌన్సిలర్ ఎవరండీ? మా అమ్మాయి ఆమెను ఎప్పుడు కలవవచ్చు?” అని అడగండి. పదిమంది తల్లిదండ్రులు అడిగితే అది అడిగి తీరవలసిన ప్రశ్న అవుతుంది. మన గురువులు, మఠకన్యలు నడిపే పాఠశాలల్లో కూడా అడగండి. మొహమాటపడవద్దు.

సాయం ఇప్పుడు దగ్గరలోనే ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 అనే నంబరుమీద రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. మంగళగిరి ఎయిమ్స్ 2019 నుండి బయటి రోగులను చూస్తున్నది. అక్కడ మానసిక వైద్య విభాగం ఉంది. 2021లో మంగళగిరి, తాడేపల్లి కలిసి నగరపాలక సంస్థ అయ్యాయి. వార్డు సచివాలయాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు. జ్వరం ఎవరికి వచ్చిందో, గర్భిణి ఎవరో ఆశా కార్యకర్తకు తెలుసు. ఏ ఇంట్లో మగ్గం ఆగిందో, ఏ ఇంట్లో భోజనాలు మానేశారో కూడా ఆమెకు తెలుసు. ఆ తెలిసినదానిని డాక్టరుదాకా చేర్చే దారి ఉండాలి. ఈ పని జరుగుతున్నదా అని మన వార్డు సభ్యులను అడగడం రాజకీయం కాదు, పొరుగువాని ధర్మం.

అడగడం, ఆరా తీయడం

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. “ఇలా ప్రతివాడూ పక్కింట్లోకి తొంగి చూస్తే ఇక మనిషికి మర్యాద ఏది? బాధపడేవానికి ఒంటరిగా బాధపడే హక్కయినా లేదా?” అని. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసివేయరాదు. మన ఊళ్లలో ఒకరి కష్టం మరొకరికి కాలక్షేపం కావడం మనం చూడనిదా? అప్పులవాడు ఎవరింటికి వచ్చాడో లెక్క పెట్టుకునే కళ్లు ఉన్నంతకాలం, జనం తలుపులు వేసుకునే ఉంటారు.

అయితే “ఏమైంది?” అనే ప్రశ్నను ఇద్దరు మనుషులు రెండు విధాలుగా అడుగుతారు. ఒకడు జవాబు పట్టుకుని వెళ్లిపోవడానికి అడుగుతాడు. మరొకడు జవాబు విని ఉండిపోవడానికి అడుగుతాడు. మొదటిది ఆరా, రెండోది ఆదరణ. మనం అడిగేది ఏ రకమో తేల్చుకోవడం కష్టం కాదు. జవాబు విన్న తరువాత మన కాళ్లు ఎటు నడుస్తాయో చూసుకుంటే చాలు.

కొందరు “చావు మాట మనమెత్తితే లేని ఆలోచన పుట్టిస్తామేమో” అని భయపడతారు. వైద్యులు చెప్పేది దీనికి విరుద్ధం. నెమ్మదిగా, నేరుగా “ప్రాణం తీసుకోవాలనిపిస్తున్నదా?” అని అడిగితే ఆ ఆలోచన పుట్టదు. ఉన్నవానికి మాత్రం గుండెమీది బరువు కొంత దిగుతుంది. నేను ఆనాడు అడగలేదు. దేవుని పేరు చెప్పి ఆ మాటను దాటవేశాను. ధైర్యం చెప్పడమూ, నోరు మూయించడమూ కొన్నిసార్లు ఒకేలాగ ఉంటాయి.

పవిత్ర గ్రంథంలో ఏలీయా ప్రవక్త ఎడారిలో ఒక పొదకింద కూలబడి, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్న ఘట్టం మీకు తెలుసు. దేవదూత వచ్చి ఏం చేశాడు? ప్రసంగం చేయలేదు, అవిశ్వాసమని మందలించలేదు. రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. లేచాక ఇంకొకసారి తినమన్నాడు, దారి చాలా దూరమని గుర్తుచేశాడు. ప్రవక్తకే అన్నం, నిద్ర, తోడు కావలసి వస్తే, మనకు వాటిని అడగడంలో సిగ్గేమిటి?

ఫిలిప్పి పట్టణంలో భూకంపం వచ్చి చెరసాల తలుపులు తెరుచుకున్నప్పుడు, ఖైదీలు పారిపోయారనుకుని చెరసాల అధికారి కత్తి దూసుకున్నాడు. లోపలి చీకటిలోనుండి పౌలు గొంతెత్తి కేక వేశాడు: నిన్ను నువ్వు హాని చేసుకోకు, మేమెవరమూ పోలేదు, అందరమూ ఉన్నామని. గమనించండి. ఆ మనిషి పౌలుకు మిత్రుడు కాడు, అంతకుముందే కాళ్లకు కొయ్య బిగించినవాడు. పౌలు మొదట అతని ఆత్మను గురించి మాట్లాడలేదు, ముందు చేయి ఆపాడు. వాక్యం తరువాత వచ్చింది. ఆ రాత్రే ఆ ఇల్లు సంతోషంతో భోజనం చేసింది.

లండనులో 1953లో సమరిటన్స్ అనే సేవను ప్రారంభించిన ఛాద్ వారా అనే ఆంగ్లికన్ గురువు కూడా ఇదే తెలుసుకున్నాడు. మొదట తానే అందరితో మాట్లాడాలనుకున్నాడు. ఆయన కోసం వేచి ఉన్నవారికి టీ ఇచ్చి, పక్కన కూర్చోవడానికి కొందరు మామూలు మనుషులు వచ్చేవారు. కొన్నాళ్లకు ఆయన ఒకటి గమనించాడు. ఆ టీ తాగి, ఆ మామూలు మనుషులతో మనసు విప్పుకున్నాక, చాలామందికి ఇక గురువును కలవవలసిన అవసరమే ఉండేది కాదు. పెద్ద చదువులు లేని చెవులే అంత పని చేశాయి. వైద్యం కావలసినవారికి వైద్యం కావాలి. ప్రార్థన చేస్తున్నాం గదా అని మందులు మాన్పించడం పాపం. అయినా డాక్టరుదాకా చేయి పట్టుకుని తీసుకుపోయేది ఎప్పుడూ ఒక మామూలు మనిషే.

మన విచారణలో

ప్రతి విచారణలో మరియదళం ఉంది, విన్సెంట్ డి పాల్ సభ ఉంది, వీధి వీధికీ చిన్న క్రైస్తవ సమాజాలున్నాయి. వారంవారం ఇళ్లకు వెళ్లి జపమాల చెబుతున్నాం. జపమాల అయ్యాక ఐదు నిమిషాలు ఆగుదాం. గత నెలలో భర్తను పోగొట్టుకున్న తల్లిని, పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి, మగ్గం ఆపిన తండ్రిని, తాగుడు మానాలని తంటాలు పడుతున్న అన్నను ఒక్కొక్కరం ఒక్కొక్కరిగా చూసుకుందాం. మన మతం కాని ఇంటిని కూడా. మంచి సమరీయుడు దారిలో పడి ఉన్నవాని మతం అడగలేదు. ఇంట్లో ఉన్న పురుగుమందుకు తాళం వేయమని చెబుదాం. ఫలితాల రోజున పిల్లలను ఒంటరిగా ఉంచవద్దని చెబుదాం. 14416 అనే నంబరును గుడి నోటీసు బోర్డుమీద పెద్ద అక్షరాలతో రాయిద్దాం. ఆత్మహత్యవల్ల ఒక ఇల్లు చీకటి పడితే, ఆ ఇంటికి మొదటి వారంలోనే కాదు, మూడో నెలలోనూ, ఏడాది తిరిగినప్పుడూ వెళ్దాం. “ఎందుకు జరిగింది?” అని అడగకుండా పోయినవాని మంచి మాటలు చెప్పుకుందాం.

ఈ పంక్తులు చదువుతున్న వారిలో ఎవరికైనా ఇప్పుడు ఆ చీకటి ఉంటే, సోదరా, సోదరీ, ఈ కాగితం పక్కన పెట్టి ఒక మనిషిని పిలవండి. ఎవరూ తోచకపోతే 14416కు ఫోను చేయండి. మీరు లేకపోతే మీ ఇంటికి పీడ వదలదు. ఆ వీధిలో ఆ ఇంటిని ఇన్నేళ్లుగా చూసినవాడిగా చెబుతున్నాను. పీడ వదలలేదు. ఆ తల్లి ఈనాటికీ మగ్గం గుంట పూడ్చనివ్వలేదు.

తమ్ముని గురించి అడిగినప్పుడు కయీను, అతనికి కాపలా నేనా అని దేవునికే ఎదురు ప్రశ్న వేశాడు. దేవుడు ఆ ప్రశ్నకు సూటిగా జవాబివ్వలేదు. జవాబు మన బతుకులో రాయమని వదిలాడనుకుంటాను. నేను ఒకసారి తప్పు జవాబు రాశాను. ఇప్పుడు మా అరుగుమీద ఎవరైనా వచ్చి కూర్చుంటే, తొందరపడి ధైర్యం చెప్పను. మంచినీళ్లిచ్చి, “అన్నం తిన్నావా?” అని అడుగుతాను. తరువాత ఆ రెండో ప్రశ్న కూడా అడుగుతాను. జవాబు ఏదైనా అక్కడినుండి లేవను.